నిరుద్యోగం తగ్గిందంటున్నారు, మరి కూలీల అడ్డా మీద అంతమంది ఎందుకున్నారు?

మీ ప్రశ్న సూటిగా ఉంది. నోట్ల రద్దు, ఇసుక కొరత, లాక్‌డౌన్, ఆ తర్వాత అమెరికా సుంకాలు, పదేళ్లలో ఇన్ని దెబ్బలు తగిలాయి. అయినా కేంద్ర ప్రభుత్వ సర్వేలో నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం ఉన్నది 2023-24కి 3.2 శాతానికి దిగింది. అంకెలు అబద్ధమా, జనం పడ్డ కష్టం అబద్ధమా అని అడిగారు. గ్రూప్-2కి చదువుతున్నానని కూడా రాశారు కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను.

నేను కార్మిక శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆర్థికశాస్త్రంలో పట్టా లేదు. కనీస వేతనాల కేసులు, యాక్సిడెంటు క్లెయిములు, అడ్డాల దగ్గర రిజిస్ట్రేషన్ క్యాంపులు, ఇవే నా చదువు. అందుకని ఈ సమాధానంలో పుస్తకం పాలు తక్కువ, అడ్డా పాలు ఎక్కువ ఉంటుంది.

మీరడిగిన అంకెలూ నిజమే, జనం కష్టమూ నిజమే. ఆ రేటు కొలిచేది మీరు అనుకుంటున్న దాన్ని కాదు, అంతే.

మీరు చెప్పిన 6.1, 3.2 అంకెలు పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే శ్రామిక శక్తి సర్వేలోవి. అందులో 'సాధారణ స్థితి' అనే లెక్క ఒకటుంది. గత 365 రోజుల్లో మనిషి ఎక్కువ కాలం ఏం చేశాడో చూస్తారు. ఎక్కువ కాలం పనిలో లేకపోయినా, 30 రోజులో అంతకు మించో ఏదో ఒక పని చేసి ఉంటే ఉపాధి ఉన్నవాడి కిందే రాస్తారు. ఇంకోటి 'వారపు స్థితి'. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక గంట పనిచేస్తే చాలు, ఆ వారం అతనికి పని ఉన్నట్టే. ఇది మనవాళ్లు చేసిన మోసమేమీ కాదు, ప్రపంచమంతటా ఈ గంట లెక్కే నడుస్తోంది. కానీ నెల జీతాల దేశంలో ఆ గంటకున్న అర్థం వేరు, రోజుకూలీల దేశంలో దాని అర్థం వేరు.

నెల జీతగాడి ఉద్యోగం పోతే పోయినట్టు తెలుస్తుంది, నిన్న ఉంది, ఇవాళ లేదు. తాపీ మేస్త్రికి ఉద్యోగం ఎప్పుడూ 'పోదు'. నెలకు 24 రోజులు దొరికే పని 9 రోజులకు పడిపోతుంది. రోజుకు 800 చొప్పున 19,200 వచ్చే ఇంట్లోకి 7,200 వస్తుంది. అద్దె, చీటీ, పిల్లాడి ఫీజు మాత్రం తగ్గవు. సర్వే మనిషి వచ్చి అడిగితే అతను ఉపాధి ఉన్నవాడే. అతను కూడా 'పని చేసుకుంటున్నానండి' అనే చెబుతాడు, పని లేదని చెప్పుకోవడం నామోషీ.

అసలు మన దగ్గర నిరుద్యోగిగా ఉండాలంటే ఇంట్లో ఎవరో ఒకరు తిండి పెట్టాలి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రాడికి తండ్రి పంపించే డబ్బుంటుంది. అదే 2023-24 సర్వేలో 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 10.2 శాతం. మొత్తం మీద 3.2 ఉంటే కుర్రకారులో మూడు రెట్లు ఎందుకుందో ఆలోచించండి. మిమ్మల్ని ఉద్దేశించి అనడం లేదు, మా అబ్బాయి కూడా మూడేళ్లు ఆ లెక్కలోనే ఉన్నాడు.

ఇక ఆర్థికంగా ఒక దెబ్బ తగిలినప్పుడు పని ఎలా మాయమవుతుందో చెబుతాను. నేను బాగా దగ్గరగా చూసింది 2019 ఇసుక కొరత.

ఆ ఏడాది మేలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. 2016 నుంచి ఉన్న ఉచిత ఇసుక విధానం ఆగింది. సెప్టెంబరు 5 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థే స్టాక్‌యార్డుల్లో టన్ను 375 రూపాయలకు, రవాణా ఖర్చు అదనంగా, ఆన్‌లైన్ బుకింగ్ మీద అమ్మడం మొదలుపెట్టింది. పాత విధానంలో అక్రమాలు లేవని ఎవరూ అనరు. పేరుకు ఉచితం, లారీ ధర మాత్రం ఊరూరికీ మారేది. కాబట్టి మార్చాలనుకోవడం తప్పు కాదు. కానీ పాతది ఆగడానికీ కొత్తది కుదురుకోవడానికీ మధ్య నెలల ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలోనే కృష్ణా, గోదావరి రెండూ పొంగాయి, అక్టోబరు దాకా ఇసుక తవ్వే రీచ్‌లు నీళ్లలోనే ఉన్నాయి. విధానం వల్లా వరద వల్లా అని పార్టీలు కొట్టుకున్నాయి. నవంబరులో విశాఖలో ఒక పార్టీ లాంగ్ మార్చ్, విజయవాడలో ఇంకో పార్టీ దీక్ష, ఆ వెంటనే ప్రభుత్వం ఇసుక వారోత్సవాలు. నన్నడిగితే రెండింటి వల్లా. వరద ఏటా వచ్చేదే, దాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాల్సింది.

అడ్డా మీద ఏం జరిగిందో చూడండి. మొదట ఆగింది పునాది పని, మట్టి పని. ఆ వెంటనే తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్. కానీ ఎలక్ట్రీషియన్‌కి, టైల్స్ వేసేవాడికి, పెయింటర్‌కి అక్టోబరులో పని బాగానే ఉంది! జూన్‌లో స్లాబ్ పడ్డ ఇళ్లు అప్పటికి వాళ్ల చేతికి వచ్చాయి. పని లేని వంతు వాళ్లకు డిసెంబరు, జనవరిలో వచ్చింది, ఎందుకంటే సెప్టెంబరులో లేవాల్సిన ఇల్లు లేవలేదు కదా. అప్పటికి ఇసుక దొరుకుతోంది, తాపీ మేస్త్రులు తేరుకుంటున్నారు, పేపర్లో ఆ వార్త కూడా పోయింది. పెయింటర్ కష్టం గురించి రాసినవాడు లేడు. వాళ్లు తెప్పరిల్లేలోగా మార్చి వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది. ఒక దెబ్బ అందరికీ ఒకేసారి తగలదు. వరసలో నడుస్తుంది, చివర ఉన్నవాడి దాకా వచ్చేసరికి లోకం ఆ సంగతి మర్చిపోయి ఉంటుంది.

రెండో సంగతి కూలి రేటు. పని లేనప్పుడు ధర పడిపోవాలి కదా, 800కి బదులు 500కి వస్తానంటే పని దొరకదా అని పుస్తకం చదివినవాళ్లు అడుగుతారు. అడ్డా మీద అలా జరగదు. నాకు పాతికేళ్లుగా తెలిసిన ఒక మేస్త్రిని అదే అడిగితే, "ఒకసారి దించితే మళ్లీ ఎక్కదు సార్. పస్తుంటాం గానీ రేటు దించం" అన్నాడు. ఎవరైనా దించితే మిగతావాళ్లు ఊరుకోరు. పైగా ఇసుకే లేనప్పుడు సగం కూలికి వచ్చినా చేయించుకునేవాడు ఎవడు? అందుకని దెబ్బంతా రోజుల మీద పడుతుంది. రేటు చెక్కుచెదరదు, అంకెల్లో కూలి తగ్గినట్టు కనబడదు.

ఆ మేస్త్రి ఆ అక్టోబరులో భార్య గాజులు తాకట్టు పెట్టి, బెంగళూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్స్ తీసుకుని వెళ్లాడు. నవంబరు చివర ఇక్కడ ఇసుక వచ్చింది, కానీ అడ్వాన్స్ తీరేదాకా అతను రాలేకపోయాడు. ఇక్కడ అతనికి ఎప్పుడూ ఇళ్లు ఇచ్చే ఇద్దరు బిల్డర్లు ఈలోగా వేరే ముఠాని కుదుర్చుకున్నారు. అంటే ఇసుక కొన్ని నెలల్లో వచ్చింది గానీ, అతని పని రెండేళ్ల దాకా పాత దారికి రాలేదు. షాక్ తగ్గితే అన్నీ మళ్లీ మామూలవుతాయని అనుకుంటాం. సరుకు విషయంలో అది నిజం. మనిషి విషయంలో తాకట్టు పెట్టిన బంగారం, తెచ్చిన అడ్వాన్స్, మానేసిన బడి, తెగిపోయిన పరిచయం ఇవన్నీ మిగిలే ఉంటాయి.

నోట్ల రద్దు గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. 2016 నవంబరు 8 రాత్రి, చలామణీలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం నోట్లు చెల్లకుండా పోయాయి. దెబ్బ ఎవరికి ముందు తగిలిందంటే, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ నోట్ల మీదే బతికే చోట. యజమానులు పాత నోట్లతోనే కూలి ఇచ్చి, 'మార్చుకో' అన్నారు. మార్చుకోవడానికి బ్యాంకు లైన్లో నిలబడితే ఆ రోజు పనికి నాగా. కూలి వచ్చినట్టా రానట్టా? నా దగ్గరికి అప్పుడు ఫిర్యాదులు వచ్చాయి, ఏ సెక్షన్ కింద రాయాలో తెలియలేదు. వేతనం ఎగ్గొట్టాడని రాయలేం, ఇచ్చాడు కదా.

లాక్‌డౌన్ దెబ్బ వీటన్నిటికన్నా వేరు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి అమలు. ఈసారి దెబ్బ అంకెల్లో కూడా కనిపించింది. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో పట్టణాల్లో వారపు స్థితి లెక్కన నిరుద్యోగం దాదాపు 21 శాతానికి వెళ్లింది. ఆ వారంలో ఒక్క గంట పని కూడా దొరకనివాళ్లు అంతమంది అన్నమాట. కానీ సాధారణ స్థితి లెక్క చూడండి, 2018-19లో 5.8, 2019-20లో 4.8, 2020-21లో 4.2. మహమ్మారి ఏడాదిలో నిరుద్యోగం తగ్గింది! ఇదే మీ ప్రశ్నకు అసలు కీలకం.

అది ఎలా తగ్గిందంటే, జనం ఊళ్లకు పోయారు. దేశంలో వ్యవసాయం మీద ఆధారపడ్డ పనివాళ్ల వాటా ఏళ్ల తరబడి తగ్గుతూ 2018-19లో 42.5 శాతానికి వచ్చింది. 2020-21కి అది 46.5కి ఎక్కింది. ఏ దేశమైనా ఎదుగుతున్నప్పుడు పొలం నుంచి ఫ్యాక్టరీకి, షాపుకి జనం కదులుతారు. మనం రెండేళ్లలో వెనక్కి నడిచాం. ఊళ్లో నాన్నకు రెండెకరాలుంటే, ముగ్గురు చేసే పని అయిదుగురు చేస్తారు. పంట పెరగదు, అయిదుగురికీ 'ఉపాధి' ఉంటుంది. మహమ్మారి పోయాక అయినా తగ్గిందా అంటే, 2023-24లో కూడా అది 46 శాతం దగ్గరే ఉంది.

స్వయం ఉపాధి అంకె కూడా పక్కన పెట్టి చూడండి. 2017-18లో పనివాళ్లలో 52 శాతం స్వయం ఉపాధిలో ఉంటే 2023-24లో 58 శాతం. అందులో కూడా బాగా పెరిగింది ఇంటి కొట్లో, ఇంటి పొలంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ల వాటా, 14 శాతం దగ్గర నుంచి 19 దాటింది. ఆడవాళ్లు పనిలోకి రావడం 23 శాతం నుంచి 42 దాకా పెరిగిందని ప్రభుత్వం చెప్పే మాట నిజమే, కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేరింది ఇక్కడే. ఇదంతా కష్టం వల్లేనని మాత్రం నేననను. కష్టం వల్లే అయితే మహమ్మారి పోయాక వెనక్కి తగ్గాలి, తగ్గలేదు. డ్వాక్రా అప్పుతో గేదె కొనుక్కున్న మనిషీ, భర్త పని పోతే టీకొట్టు దగ్గర గ్లాసులు కడిగే మనిషీ అదే అంకెలో కలిసి ఉన్నారు. విడదీసి చూడకుండా 'మహిళా సాధికారత' అనో 'దివాలా' అనో రాసేవాళ్లని నమ్మకండి.

లాక్‌డౌన్‌లో ఇంకో రెండు సంగతులు చెప్పాలి. వలస కార్మికులను సొంతూళ్లకు చేర్చిన మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది, సుమారు 1,200 మందితో. అందరికీ ఇది గుర్తుంటుంది. ఎవరికీ గుర్తులేనిది ఏంటంటే, వారం తిరిగేసరికి బీహార్ నుంచి ఒక రైలు హమాలీలను ఎక్కించుకుని అదే లింగంపల్లికి వచ్చింది. తెలంగాణలో యాసంగి వడ్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి, రైసుమిల్లుల్లో బస్తాలెత్తే మనిషి లేడు. ఒకే స్టేషన్, ఒకే నెల. ఒకరికి పని లేక వెళ్లిపోవడం, ఇంకొకరు లేక పని ఆగిపోవడం. లేబర్ మార్కెట్ అంటే ఒకటే పెద్ద సంత అనుకుంటాం గానీ, బస్తా మోసేవాడి పని సెంట్రింగ్ వాడు చేయలేడు.

రెండోది ప్రైవేటు స్కూలు టీచర్లు. నెల జీతగాళ్లే, కానీ కాగితం మీద హక్కు లేదు, పీఎఫ్ కూడా చాలామందికి లేదు. బడులు మూతపడగానే జీతాలు ఆగాయి. కొందరు అరటిపళ్లు అమ్మారు, కొందరు ఉపాధి హామీ మట్టి పనికి వెళ్లారు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది, కానీ అది 2021 ఏప్రిల్‌లో. బడులు మూసిన ఏడాదికి. ఇచ్చినందుకు తప్పు పట్టను. కానీ ఆ ఏడాదిలో వాళ్లు ఏం తిన్నారు?

విధానాల విషయంలో నా గొడవంతా ఈ ఆలస్యం మీదే. 2020లో పనిచేసిన మందు ఒకటి చూడండి, ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం. కొత్తగా కమిటీలు వేయక్కర్లేదు, మస్టరు (హాజరు పట్టీ) ఉంది, ఫీల్డ్ అసిస్టెంట్ ఉన్నాడు, జాబ్‌కార్డు ఉంది. డబ్బు పోస్తే చాలు. కేంద్రం బడ్జెట్లో పెట్టిన 61,500 కోట్లకు ఇంకో 40,000 కోట్లు కలిపింది. అంతకుముందు ఏడాది 265 కోట్ల పనిదినాలుంటే ఆ ఏడాది 389 కోట్లయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లో అప్పుడు కూలి రోజుకు 237 రూపాయలు. 800 తెచ్చుకునే మేస్త్రికి అది చిన్న మొత్తమే, కానీ ఆ వారమే పని దొరికింది. డబ్బు ఖాతాలో పడటం ఆలస్యమైన ఊళ్లూ ఉన్నాయి, అది వేరే బాధ.

2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజుల హామీ 125 అయింది, అది మంచిదే. కానీ ఖర్చులో రాష్ట్రాల వాటా 40 శాతం అయింది, కేంద్రం నిర్ణయించిన కేటాయింపు దాటితే ఆ పై భారం రాష్ట్రానిది. మామూలు ఏడాదిలో ఇది పెద్ద తేడా కాకపోవచ్చు. 2020 లాంటిది వస్తే రాష్ట్ర ఖజానా కూడా అప్పుడే ఎండిపోయి ఉంటుంది. పరీక్షలో రోజుల సంఖ్య రాసి ఊరుకోకండి, దెబ్బ తగిలిన ఏడాదిలో పై డబ్బు ఎవరు పెడతారన్నది రాయండి.

పనిచేయని మందు మా శాఖదే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం ఉండేది (2025 నవంబరులో అది కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది), కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలయ్యేది, నిధి ఉండేది. 2020 మార్చిలో ఆ నిధి నుంచి కార్మికులకు ఇవ్వమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది కూడా. చిక్కేంటంటే, రిజిస్టరైనవాళ్లకే. రిజిస్టరు కావాలంటే గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపించాలి. రోజుకో ఇంట్లో పనిచేసే అడ్డా కూలీకి ఆ కాగితం ఎవరిస్తారు? నేనే ఎన్నో దరఖాస్తులు వెనక్కి పంపాను, సంతకం లేదని. ఇసుక లేక పని దొరకని ఏడాదిలో 90 రోజులు చూపించమనడం ఎంత విడ్డూరమో అప్పుడు నాకు తట్టలేదు, రూల్ కదా అనుకున్నాను.

మీరు అడిగిన అమెరికా సుంకాల సంగతి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద మొత్తం 50 శాతం సుంకం పడింది. రొయ్యల మీద పాత సుంకాలు కూడా కలిపితే 58 దాకా వెళ్లింది, అదే ఈక్వెడార్ రొయ్యకు అప్పుడు 15 శాతం. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే, అక్కడికి పోయే దాంట్లో సింహభాగం ఆంధ్రా సరుకు. ఇందులో వార్త ఎప్పుడూ రైతు దగ్గర ఆగిపోతుంది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఎంత పడింది అని. రైతుకు కష్టమే. కానీ ఇక్కడ కూడా ఇసుక లాంటి వరసే ఉంది. ముందు పీలింగ్ షెడ్డులో తల తీసే ఆడవాళ్లకు షిఫ్టులు తగ్గుతాయి. వాళ్లకు చాలాచోట్ల కిలోకి ఇంత అని లెక్క, సరుకు రాకపోతే కూలి లేదు, 'తీసేశారు' అనే మాటే ఉండదు. రైతు తర్వాతి పంటకు పిల్ల వేయడం ఆపితే రొయ్యపిల్లల హేచరీ, మేత, ఐసు ఫ్యాక్టరీ, చెరువు కాపలా, పట్టుబడి ముఠా ఒకటి తర్వాత ఒకటి. షెడ్డు నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు నాట్లకు వెళతారు, అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్ల రోజులు పంచుకుంటారు. సర్వేలో చూస్తే అందరికీ ఉపాధి ఉంది.

కాబట్టి పరీక్షలో రాసేటప్పుడు రేటు ఒక్కటే పట్టుకోకండి. దాని పక్కన వ్యవసాయంలో వాటా, జీతం లేని సహాయకుల వాటా, ఉపాధి హామీకి వేసవి దాటాక కూడా ఎంత డిమాండు ఉంది, ఈ మూడూ పెట్టండి. మూడూ ఒకేసారి పైకి పోతుంటే, రేటు తగ్గినా సంతోషించాల్సిన పని లేదు. ఇప్పుడు 2025 ఏప్రిల్ నుంచి వారపు స్థితి లెక్క నెలనెలా ఇస్తున్నారు, మొదటి నెల 5.1 శాతం వచ్చింది. దాన్ని 3.2తో పోల్చి 'పెరిగింది' అని రాస్తే మార్కులు పోతాయి, రెండూ వేర్వేరు కొలతలు.

ఇంకో పని చేయండి, ఖర్చు లేనిది. మీ ఊళ్లో అడ్డా దగ్గరికి పొద్దున్నే ఆరున్నరకు వెళ్లండి, ఎంతమంది ఉన్నారో చూడండి. మళ్లీ తొమ్మిదిన్నరకు వెళ్లండి, క్యారేజీ విప్పకుండా ఇంకా ఎంతమంది కూర్చున్నారో చూడండి. పది పదిహేను రోజులు చూస్తే మీకే ఒక అంకె తెలుస్తుంది. నేను సర్వీసులో ఉండగా మా ఆఫీసు రిపోర్టుల కన్నా దాన్నే నమ్మేవాణ్ణి. కానీ చేతిలో పుస్తకం, పెన్ను పట్టుకుని మాత్రం వెళ్లకండి. ఏదో స్కీముకి పేర్లు రాసుకుంటున్నారని అందరూ మీ చుట్టూ చేరతారు, అప్పుడు పనికి పిలవడానికి వచ్చిన మేస్త్రి కూడా పక్క అడ్డాకి వెళ్లిపోతాడు.